మూడు నుంచి ఐదేళ్ల పిల్లల ఎదుగుదల: తేడా ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి, ఏం చేయాలి

నాలుగేళ్లు వస్తున్నా పిల్లాడికి మాటలు సరిగా రావడం లేదంటే ఇంట్లో సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ల మేనమామ కూడా అంతే, బడికి పంపితే అదే వస్తుంది. వీటిలో ఏదీ వినికిడి పరీక్షకు బదులు కాదు.

వయసుకు తగ్గ పని ఒకటి పిల్లలు చేయడం లేదంటే దాని వెనక వేరువేరు కారణాలు ఉండొచ్చు. వినపడకపోవచ్చు, కనపడకపోవచ్చు. కండరమో నరమో సహకరించకపోవచ్చు. చెప్పింది అర్థం కాకపోవచ్చు. ఆ పని చేసే అవకాశమే ఎప్పుడూ దొరికి ఉండకపోవచ్చు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం దేనికదే. కాబట్టి ముందు సరిగా చూడటం నేర్చుకోవాలి.

చూసే పద్ధతి, అందులో జరిగే పొరపాట్లు

బిడ్డ కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న వేళ ఎంచుకోండి. అరగంట చాలు. పది ఖాళీ అగ్గిపెట్టెలు, తెల్ల కాగితం, లావుపాటి క్రేయాన్, పెద్ద బంతి, పెద్ద గుండీలున్న చొక్కా, బొమ్మల పుస్తకం దగ్గర పెట్టుకోండి. దగ్గర్లో మెట్లుంటే మంచిది. జలుబు, జ్వరం ఉన్న రోజు వద్దు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు చేత్తో చూపిస్తూ చెప్పడం. "బంతి తెచ్చి నాన్నకియ్యి" అంటూ బంతి వైపు, నాన్న వైపు చూస్తే బిడ్డ మీ కళ్లను చదువుతాడు, మాటను కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, బిడ్డ ముఖం వైపే చూస్తూ, ఒక్కసారి చెప్పి పది సెకన్లు ఆగండి. రెండో పొరపాటు బొమ్మ గీయించేటప్పుడు జరుగుతుంది. మీరు గీస్తుండగా చూసి గీయడం సులువు, ముందే గీసిపెట్టిన బొమ్మను చూసి గీయడం కష్టం. ఏది చేయించారో రాసుకోండి. మూడోది, పరీక్షకు ముందు రోజు నేర్పించడం. బిడ్డ చేయని పనిని మరో రెండు రోజులు ఆగి మళ్లీ అడగండి. అప్పుడూ చేయకపోతేనే లెక్కలోకి తీసుకోండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును రెండేళ్ల వరకే సవరించి చూస్తారు. మూడేళ్లు దాటాక "ఎనిమిదో నెలలో పుట్టాడు కదా" అనే మినహాయింపు వర్తించదు.

మూడేళ్లకు: తన పేరు చెప్పాలి, "ఎవరు, ఎక్కడ, ఎందుకు" అని అడగాలి, రెండు మూడు మాటలు కలిపి మాట్లాడాలి, బయటివాళ్లకు ఎక్కువ భాగం అర్థం కావాలి. మీరు గీస్తే చూసి గుండ్రం గీయాలి, వదులు నిక్కరు తనే వేసుకోవాలి. నాలుగేళ్లకు: నాలుగు మాటల వాక్యం, ఇవాళ జరిగిన ఒక సంగతి, కొన్ని రంగుల పేర్లు చెప్పాలి. పెద్ద బంతిని చాలాసార్లు పట్టుకోవాలి, మూడు భాగాలైనా ఉన్న మనిషి బొమ్మ గీయాలి, డాక్టరో బస్సు కండక్టరో అయినట్టు ఆడాలి. ఐదేళ్లకు: రెండు సంఘటనలున్న కథ చెప్పాలి, పది వరకు లెక్కపెట్టాలి, ఒంటికాలి మీద గెంతాలి, కొన్ని గుండీలు పెట్టుకోవాలి, ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగాలి.

ఇవి ఆ వయసుకు చాలామంది పిల్లలు చేసేవి. ఒక్కటి తప్పితే రెండు మూడు నెలలు అవకాశమిచ్చి మళ్లీ చూడొచ్చు. మాట విషయంలో గానీ, ఒకటికి మించి తప్పినప్పుడు గానీ ఎదురుచూడొద్దు.

సమస్య: మాటలు లేవు, తక్కువగా ఉన్నాయి, లేదా బయటివాళ్లకు అర్థం కావడం లేదు

మొదటి అనుమానం చెవి మీదే పెట్టుకోండి. పళ్లెం కింద పడేస్తే తిరిగి చూశాడు, కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడ్డాడు కాబట్టి వినపడుతోందని నిర్ణయించేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. పెద్ద శబ్దం వినపడి, స, ష, చ లాంటి సన్నటి ధ్వనులు వినపడని లోపం ఉంటుంది. అలాంటి బిడ్డ పిలిస్తే పలుకుతాడు, మాట మాత్రం సగమే అందుతుంది. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసైనా తర్వాత లోపం రావచ్చు.

తరచూ జలుబు, నోరు తెరిచి పడుకోవడం, గురక, టీవీ సౌండ్ పెంచమనడం ఉంటే కర్ణభేరి వెనక జిగురు నీరు చేరి ఉండొచ్చు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు. రోజుకో రకంగా వినపడుతుంది కాబట్టి "మొండివాడు, వినిపించుకోడు" అనే పేరొస్తుంది.

చేయాల్సింది: ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) దగ్గర పరీక్ష చేయించండి. మూడేళ్లు దాటి సహకరించే బిడ్డకు శబ్దం విన్నప్పుడల్లా ఒక బిళ్ల డబ్బాలో వేయించి ఆటలా చూస్తారు. కర్ణభేరి వెనక నీరు ఉందో లేదో, దాని కదలికను కొలిచే టింపనోమెట్రీ పరీక్షలో నిమిషాల్లో తెలుస్తుంది. సహకరించని బిడ్డకు నిద్రలో, శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్ష చేస్తారు. జిగురు నీరు చాలామందిలో మూడు నెలల్లో తనంతట తగ్గుతుంది. తగ్గక, వినికిడి కూడా తగ్గి ఉంటే చెవిలో చిన్న గొట్టం పెట్టడం గురించి, ముక్కు వెనక పెరిగే అడినాయిడ్ కండ గురించి ఈఎన్‌టీ చెబుతారు. శాశ్వత లోపమైతే వినికిడి యంత్రం వెంటనే పెట్టాలి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) అవసరమైనవాళ్లకు ప్రభుత్వ పథకాల్లో వయసు పరిమితి ఉంటుంది, నెలలు కూడా ముఖ్యమే.

చెవి బాగుందని తేలితే, అర్థం చేసుకోవడం ఎలా ఉందో చూడండి. "చెప్పు తీసి తలుపు వెనక పెట్టు" లాంటి రెండంచెల పని, సైగ లేకుండా, మూడేళ్ల బిడ్డ చేస్తున్నాడంటే మంచి సూచన. మాట తక్కువైనా స్పీచ్ థెరపీతో బాగా ముందుకొస్తాడు. అదీ చేయడం లేదంటే లోపం నోట్లో లేదు, మొత్తం ఎదుగుదలను పిల్లల డాక్టరు పరీక్షించాలి. థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి.

మాటలున్నా స్పష్టత లేకపోతే వయసును బట్టి చూడాలి. ర, ళ, ష, వత్తులు ఆలస్యంగా వస్తాయి, నాలుగేళ్ల బిడ్డ "రైలు"ను "లైలు" అంటే కంగారు అక్కర్లేదు. నాలుగు దాటాక కూడా "కాకి"ని "తాతి" అంటున్నా, ఇంట్లోవాళ్లు అనువాదం చేస్తే తప్ప బయటివాళ్లకు అర్థం కాకపోయినా స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి.

వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు రావు. అందులో హాని చేసే రసాయనం ఉంది కాబట్టి పెట్టొద్దు. నాలుక కింద పొర అతుక్కుని ఉంటే కొన్ని అక్షరాల స్పష్టత తగ్గొచ్చు గానీ మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. మాటలు రావాలని దాన్ని కోయించి ఊరుకుంటే అసలు కారణం అలాగే ఉండిపోతుంది. ఇంట్లో తెలుగు, బయట ఉర్దూ లేదా ఇంగ్లీషు ఉండటం వల్ల కూడా లోపం రాదు. అన్ని భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి, తెలుగు ఆపేయొద్దు.

ఇంట్లో రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున, బిడ్డ ఎత్తులో కూర్చుని ఆడండి. "ఇదేంటి, అదేంటి" అని పరీక్ష పెట్టొద్దు. బిడ్డ "బస్సు" అంటే మీరు "ఎర్ర బస్సు వచ్చింది" అని ఒకటి రెండు మాటలు చేర్చండి. "పాలా, నీళ్లా?" అని అడిగి ఆగండి, అడక్కముందే అందివ్వొద్దు. ఫోన్, టీవీ కలిపి రోజుకు గంటకు మించకూడదు. ఫోన్ పాటల్లో నేర్చిన ఏబీసీడీలు మాటల కిందికి రావు. ఎవరితోనైనా ఏదో చెప్పడానికి వాడితేనే మాట.

నత్తి గురించి ఒక మాట. రెండున్నర, నాలుగేళ్ల మధ్య మొదటి అక్షరం మీద తడబడటం మామూలే. "మెల్లగా చెప్పు" అనకండి, మీరే మెల్లగా మాట్లాడండి. ఆరు నెలలకు మించి సాగినా, ముఖం బిగుసుకుంటున్నా, కుటుంబంలో నత్తి ఉన్నా చూపించండి.

సమస్య: మాటలున్నాయి, మనిషితో కలవడు

పిలిస్తే పలకడు, తోటి పిల్లల వైపు చూడడు, కారు బొమ్మను నడపకుండా చక్రమే తిప్పుతుంటాడు, ఉత్తుత్తి వంట, బొమ్మల పెళ్లి లాంటి ఆటలు లేవు. అన్నం కావాలంటే అమ్మ అడిగే ప్రశ్ననే తిరిగి, "ఆకలేస్తోందా?" అంటాడు. నచ్చింది వేలితో చూపించి మీ ముఖం వైపు చూడడు, మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. ఇవి కలిసి కనిపిస్తే ఆటిజం అనుమానించాలి. ఒంటరిగా పెరగడం వల్ల సిగ్గు, బెరుకు వస్తాయి గానీ ఈ లక్షణాల కలయిక రాదు.

ఇంటర్నెట్‌లో దొరికే, ఆటిజం అనుమానాన్ని పట్టే ఎం-చాట్ ప్రశ్నలు 16 నుంచి 30 నెలల వయసుకు తయారైనవి. నాలుగేళ్ల బిడ్డకు వాడి "పాస్" అనుకుంటే అది తప్పుడు ధైర్యం. వినికిడి పరీక్ష తర్వాత పిల్లల డాక్టరు ద్వారా ఎదుగుదల నిపుణుల దగ్గరికి వెళ్లండి. రిపోర్టు చేతికొచ్చేదాకా థెరపీ ఆపాల్సిన పని లేదు.

సమస్య: పడిపోతున్నాడు, మెట్లెక్కలేడు, మునివేళ్ల మీద నడుస్తున్నాడు

నేల మీద కూర్చోబెట్టి, ఏదీ పట్టుకోకుండా లేవమనండి. చేతులు నేలకూ, తర్వాత మోకాళ్లకూ, తొడలకూ ఆనిస్తూ పైకి ఎగబాకినట్టు లేస్తే, ముఖ్యంగా మగపిల్లాడై, పిక్కలు లావుగా గట్టిగా ఉంటే, కండరాలు క్రమంగా బలహీనపడే డుషెన్ అనే జన్యు జబ్బు ఉండొచ్చు. ముందు చేయించాల్సింది సీపీకే అనే రక్తపరీక్ష. ఈ జబ్బులో, కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పెరుగుతాయి. అవి కండరం నుంచే వస్తున్నాయని తోచక, కాలేయం జబ్బనుకుని నెలలు గడిచిపోతాయి. సీపీకే బాగా ఎక్కువగా ఉంటే పిల్లల నరాల డాక్టరు, ఆపై జన్యుపరీక్ష.

కాళ్లు దొడ్డిగా వంగి, మణికట్లు ఉబ్బి ఉంటే విటమిన్ డి లోపం చూడాలి. బాతులా ఊగుతూ నడిస్తే దాంతోపాటు తుంటి కీలు కూడా చూపించాలి. ఒకవైపు చెయ్యి కాలు మాత్రమే బిగుసుకుంటే మెదడుకు సంబంధించింది, ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెట్టాలి. మూడేళ్లు దాటాక ఎప్పుడూ మునివేళ్ల మీదే నడిస్తే మడమ నేలకు ఆనుతోందో లేదో డాక్టరు చూడాలి.

సమస్య: బడిలో "రాయడం లేదు" అంటున్నారు

మూడున్నరేళ్ల బిడ్డ నాలుగు గీతల కాపీలో రాయకపోవడం లోపం కాదు. గుండ్రం మూడేళ్లకు, ప్లస్ గుర్తు నాలుగుకు, చతురస్రం నాలుగున్నర ప్రాంతంలో, త్రిభుజం ఐదేళ్లకు వస్తాయి. త్రిభుజం రాని చేత్తో "అ" రాయించడం వల్ల బిడ్డకు బడి మీద విముఖత పెరుగుతుంది. ఇలాంటప్పుడు మార్చాల్సింది బడి తీరునే అని మా అభిప్రాయం. చపాతీ పిండి పిసకడం, బఠాణీ కాయలు ఒలవడం (గింజలు నోట్లో పెట్టుకోకుండా పక్కనే ఉండండి), ముగ్గుపిండి వేళ్ల మధ్య నుంచి వదలడం, గుండీలు పెట్టడం, ఇవి చేతికి బలమిస్తాయి. ఎడమచేతి వాటాన్ని మార్చొద్దు. ఒక చేతిని అసలు వాడకుండా మడిచి పెట్టుకుంటే మాత్రం చూపించాలి.

పుస్తకం ముక్కుకు ఆనించుకున్నా, తల వాల్చి చూసినా, మెల్లకన్ను కనిపించినా కంటి డాక్టరు దగ్గరికి. "మెల్ల అదృష్టం" అని వదిలేస్తే ఆ కంటి చూపు ఎదగకుండా ఆగిపోతుంది, పెద్దయ్యాక అద్దాలతో రాదు.

సమస్య: నీరసం, ధ్యాస లేదు, బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తింటాడు

ముందు అనుమానించాల్సింది ఇనుము లోపం. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే రక్తహీనత. వైద్యానికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల ఇనుము ఇస్తారు. సీసా మీద రాసినది మందు బరువా, అందులోని ఇనుము బరువా అన్నది డాక్టరుతో సరిచూసుకోండి. పాలతో, టీతో ఇస్తే ఒంటికి సరిగా పట్టదు. విరేచనం నల్లగా రావడం మామూలే. హిమోగ్లోబిన్ పెరగ్గానే ఆపేస్తే నిల్వలు నిండవు, మరో రెండు మూడు నెలలు వాడాలి. పాలు రోజుకు అరలీటరు దాటనివ్వొద్దు. సీసాను పిల్లలకు అందకుండా దాచండి, ఎక్కువ తాగితే ప్రాణాపాయం. నివారణ కోసం ఆశా ఇచ్చే సిరప్ మోతాదు వేరు: వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. ఏటా ఫిబ్రవరి, ఆగస్టులో అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పించొద్దు.

ఆగకూడని సందర్భం

వచ్చిన మాటలు పోవడం, నడిచే బిడ్డ నడక తగ్గడం, చేతి పని మరచిపోవడం ఏ వయసులోనైనా ఆ వారమే డాక్టరుకు చూపించాల్సిన విషయాలు. మాటలు పోవడంతో పాటు క్షణాలపాటు చూపు నిలిచిపోవడం, ఉలికిపాట్లు ఉంటే నిద్రలో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) అవసరం. నెలల తరబడి పొడిగా ఉన్న బిడ్డ మళ్లీ పక్క తడుపుతూ, దాహం పెరిగి, చిక్కిపోతుంటే ఆ రోజే చక్కెర పరీక్ష చేయించండి.

ఎక్కడికి వెళ్లాలి

అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) వైద్య బృందం వస్తుంది. ఎప్పుడొస్తుందో టీచరును అడిగి ఆ రోజు బిడ్డను తప్పక తీసుకెళ్లండి. తేడా ఉందంటే ఎదుగుదల లోపాలను తొందరగా పట్టి వైద్యం చేసే, జిల్లా స్థాయిలోని డీఈఐసీ కేంద్రానికి పంపుతారు, పరీక్షలు, థెరపీ ఉచితం. తెలుగు రాష్ట్రాల మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. బుద్ధి ఎదుగుదల పరీక్షకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు మూడో పుట్టినరోజు దాటాక బిడ్డ ఎదుగుదలను అంచనా వేయమని స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్‌ను రాతపూర్వకంగా అడగాలి, అంచనా ఉచితం. ఇంట్లో తెలుగే మాట్లాడితే తెలుగు దుబాసీని కూడా అదే ఉత్తరంలో కోరండి.

వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు, పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, వినికిడి రిపోర్టు, బిడ్డ పలికే మాటల జాబితా, రెండు మూడు నిమిషాల వీడియోలు తీసుకెళ్లండి. ఒక వీడియో ఆడుకుంటున్నప్పటిది, ఒకటి అన్నం తింటున్నప్పటిది, ఒకటి తోటి పిల్లల మధ్య తీసింది అయితే మేలు. కొత్త గదిలో, తెలియని డాక్టరు ముందు చాలామంది పిల్లలు నోరు విప్పరు. బిడ్డను పిలిచి పోజు పెట్టించకుండా దూరం నుంచి తీయండి.