రూమ్ టెంపరేచర్ సోడియం-సల్ఫర్ సెల్: ఛార్జింగ్ ఆగని గోల ఎలా తీరింది

ఒకవైపు సోడియం, మరోవైపు సల్ఫర్ పెట్టి నేను చేసిన సెల్ (బ్యాటరీ) ఈథర్ ఎలక్ట్రోలైట్‌లో (అయాన్లు నడిచే ద్రవం) ఎంత ఛార్జ్ చేసినా నిండేది కాదు. విప్పి చూస్తే రెండు వైపుల మధ్య ఉండే సెపరేటర్ పొర పసుపుపచ్చగా ఉండేది, అంటే పాలీసల్ఫైడ్లు (సోడియం, సల్ఫర్ కలిసి పుట్టే పదార్థాలు) కరిగి అటూ ఇటూ తిరుగుతున్నాయన్నమాట. కార్బొనేట్ ఎలక్ట్రోలైట్‌లో అయితే మొదటి సైకిల్‌కే (ఒకసారి ఛార్జ్, డిశ్చార్జ్) చచ్చేది. మందపాటి సెపరేటర్, తక్కువ కరెంట్, కొత్త సోడియం అన్నీ దండగే.

సల్ఫర్‌ను పట్టి ఉంచడానికి నేను వాడింది పూర్ణామార్కెట్ కొబ్బరి చిప్పలతో చేసిన మైక్రోపోరస్ (అతి సన్నని రంధ్రాల) కార్బన్. విశాఖ సముద్రపు గాలికి అది బాగా తేమ పీల్చేది. అందుకే ముందు వాక్యూమ్‌లో 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టాను. తీసిన వెంటనే సమాన బరువు సల్ఫర్ కలిపి కల్వంలో నూరి, సీల్ చేసి, 155 డిగ్రీల్లో 12 గంటలు ఉంచాను. ఇంతవరకు అందరూ చేసేదే.

అసలు పని చేసింది ఆ తర్వాతి మెట్టు. అదే పొడిని ఆర్గాన్ ప్రవాహంలో 300 డిగ్రీల్లో 2 గంటలు ఉంచాను (పొగలు బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే సుమా). ట్యూబ్ చల్లటి చివర పసుపు పొర కట్టింది. అది రంధ్రాల్లోకి వెళ్లకుండా పైపైన అంటుకున్న సల్ఫర్, ఎలక్ట్రోలైట్‌కు నేరుగా తగిలేది అదే. గ్రాము పొడి 0.74 గ్రాములైంది, అంటే సల్ఫర్ సుమారు 32 శాతమే మిగిలింది. కెపాసిటీ లెక్క ఈ అంకెతోనే వేయాలి, నేను మొదట మర్చిపోయాను!

కార్బొనేట్‌లో ఇప్పటికి 60 సైకిళ్లు నడిచింది. పెద్ద రంధ్రాల కార్బన్‌కు ఇది పనికి రాకపోవచ్చు, సల్ఫర్ చాలావరకు ఎగిరిపోతుందని నా అనుమానం. ఆరబెట్టడం వల్ల ఎంత, 300 డిగ్రీల వల్ల ఎంత అన్నది విడిగా చూడలేదు.