సీమ ఎండలో పోర్ట్రెయిట్: ముందు వెలుగు, తర్వాతే చోటు

ఆరుబయట పోర్ట్రెయిట్లు, అంటే మనిషి ముఖమే ముఖ్యంగా తీసే ఫోటోలు, అనగానే ముందు చోటు ఖాయం చేసుకుంటారు. ఓర్వకల్లు రాళ్లా, గండికోట లోయా, గుత్తి కోటా అని. మా మాట వింటే ముందు వెలుగు సంగతి చూసుకోండి. చోటు ఎక్కడికీ పోదు, వెలుగే నిలవదు.

కర్నూలులో మే నెలలో పొద్దు 5:45 ప్రాంతంలో పొడిచి 6:40కి గుంకుతుంది. డిసెంబరు చివర్లో 6:45 ప్రాంతంలో పొడిచి 5:55కే గుంకుతుంది. మన వైపు సూర్యుడు దాదాపు నిటారుగా ఎక్కుతాడు, నిటారుగానే దిగుతాడు. అందుకే మెత్తటి పసుపు వెలుగు మనకు ముప్పావుగంటకు మించి దొరకదు. చీర సర్దడం, పూలు పెట్టడం, లెన్స్ మార్చడం ఆలోపే ముగియాలి. ఇక ఏప్రిల్ ఆఖరున, మే మొదట్లో అనంతపురంలో మధ్యాహ్నం 12:15 దాటేసరికి ఎండ సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. కనుగుంటలు నల్లబడతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. ఆ వేళ బయట తీయకపోవడమే మేలు.

తప్పనిసరై పగలు తీయాల్సి వస్తే నీడ వెతకండి. ఓర్వకల్లులో పెద్ద బండల పక్కన నీడకు కరువు లేదు. మనిషిని నీడ అంచు నుంచి ఒకటి రెండు అడుగులు లోపల, ముఖం తెరిచిన ఆకాశం వైపు ఉండేలా నిలబెట్టండి. ఇంకా లోపలికి పోతే ముఖం చప్పగా, మసకగా వస్తుంది. నిలబడ్డ చోటే మెల్లగా తిరగమని చెప్పి కళ్లనే గమనించండి. నల్లగుడ్డులో పై భాగాన తెల్లటి మెరుపు కనిపించిన దగ్గర ఆపండి. వెనకాల ఎండ పడ్డ బండ ఉంటే అది ఫోటోలో వివరాలన్నీ పోయి తెల్లగా పేలిపోతుంది. కాబట్టి వెనకదీ నీడలోనే ఉండాలి.

నేలను చాలామంది పట్టించుకోరు. అనంతపురం ఎర్రనేల మీద ఎండ పడితే గడ్డం కిందకు, చెంపల కిందకు ఎర్రరంగు ఎగదన్నుతుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (మొత్తం ఫోటో రంగు సర్దుబాటు) మార్చినా పోదు, ఎందుకంటే నుదుటిది ఒక రంగు, గడ్డానిది ఇంకో రంగు. మనిషి ముందు, ఫ్రేములోకి రాకుండా, ఒక తెల్లపంచె పరిచేస్తే సరి. నల్లరేగడి చేలల్లో ఇబ్బంది వేరు. కింది నుంచి వెలుగే రాదు, కళ్లు లోతుకు పోయినట్టుంటాయి. నడుము ఎత్తులో తెల్ల థర్మాకోల్ షీటు పట్టించండి. బంగారు రంగు రిఫ్లెక్టరు (వెలుగును తిప్పికొట్టే పలక) వద్దు, మన చామనఛాయ ముఖాలను నారింజ చేసేస్తుంది. వేప, చింత చెట్ల కింద ఆకుపచ్చ ముఖం మీద పడుతుంది. మొదలు దగ్గర కాకుండా నీడ చివర నిలబెట్టండి.

ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరాకు 85 ఎంఎం, చిన్న సెన్సరుకు 50 ఎంఎం లెన్స్ చాలు. 85 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/1.8కి (ఎఫ్ అంకె చిన్నదయ్యే కొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది) తెరిచి 2 మీటర్ల నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది 6 సెంటీమీటర్ల మందమే. ముఖం కాస్త పక్కకు తిప్పితే రెండో కన్ను మసకేస్తుంది. ఎఫ్/2.8 పెట్టి దగ్గరి కంటి మీద ఫోకస్ చేయండి. ఐఎస్‌ఓ (సెన్సరు వెలుగుకు స్పందించే స్థాయి) 100లో నిండు ఎండకు ఎఫ్/16 దగ్గర 1/100 సెకను షట్టరు సరిపోతే, ఎఫ్/2 దగ్గర 1/6400 కావాలి. 1/4000తో ఆగిపోయే కెమెరాల్లో చర్మం తెల్లబడిపోయేది ఇందుకే. 3 స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమో రెట్టింపో అవుతుంది) ఎన్‌డీ ఫిల్టరు (లెన్స్ ముందు బిగించే ముదురు అద్దం) వేస్తే 1/800కి దిగుతుంది. ఫోనుతో అయితే 1ఎక్స్ వదిలి 2ఎక్స్‌తో, రెండడుగులు వెనక్కి జరిగి తీయండి, ముక్కు పెద్దదిగా రాదు. వెనక భాగాన్ని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ మల్లెచెండు అంచుల్ని సగం చెరిపేస్తుంది, పూలు పెట్టుకున్నవాళ్లకు అది ఆపేయండి.

తలపాగా కట్టుకున్న పెద్దవాళ్ల ముఖం తీయడం మాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, కష్టమైనదీ అదే. తలపాగా తెల్లదనం చూసి కెమెరా మొత్తం చీకటి చేస్తుంది. స్పాట్ మీటరింగ్‌తో (ఒక్క చుక్క దగ్గరి వెలుగునే కొలిచే పద్ధతి) చెంప మీద కొలవండి. తలపాగా నీడ కళ్ల మీద పడితే "తాతా, గడ్డం రవ్వంత పైకెత్తు" అనండి, థర్మాకోల్ ఛాతీ కిందకు తెండి. కళ్లు చికిలిస్తుంటే మూసుకోమని, మూడు లెక్కపెట్టి తెరవమనండి. తెరిచిన ఆ క్షణంలోనే నొక్కాలి.

ధర్మవరం పట్టు కడితే జరీ ఎండకు మెరిసి తెల్లమచ్చలవుతుంది. మెరుపు తగ్గేదాకా భుజం అటూ ఇటూ తిప్పించి, ఎక్స్‌పోజరు (కెమెరాలోకి వెళ్లే వెలుగు) మూడోవంతు స్టాపు తగ్గించండి.

పొద్దుతిరుగుడు చేలో తీసేవాళ్లకు ఒక మాట. మొగ్గలే సూర్యుడితో తిరుగుతాయి. బాగా విచ్చిన పూలు తూర్పుకే నిలిచిపోతాయి. మనిషి వెనక పూల ముఖాలు రావాలంటే మీరు తూర్పున నిలబడి పడమటికి తీయాలి. ఉదయం వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది, కాబట్టి మొదటి అరగంటలోనే ముగించాలి. సాయంత్రం ఎండ వెనకనుంచి వచ్చి జుట్టు అంచు వెలుగుతుంది, ముఖం చీకటవుతుంది. అప్పుడు ఎక్స్‌పోజరు ఒక స్టాపు పెంచండి. రైతును అడిగాకే చేలో అడుగుపెట్టండి, డ్రిప్పు పైపులు తొక్కొద్దు.

గండికోటలో లోయ అంచున చాలాచోట్ల కంచె ఉండదు. కెమెరాలో చూస్తూ "ఇంకొంచెం వెనక్కి" అని ఎవరికీ చెప్పొద్దు. మనిషిని అంచుకు నాలుగైదు మీటర్ల ఇవతలే ఉంచి, మీరు వెనక్కి జరిగి పొడుగు లెన్స్‌తో తీస్తే లోయ దగ్గరగానే కనిపిస్తుంది. గుత్తి, లేపాక్షి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు, లైటు స్టాండుకు ముందే అనుమతి తీసుకోవాలి. ఆషాఢం గాలికి అనంతపురంలో ఏ స్టాండూ నిలబడదు. సంచిలో రాళ్లు నింపి స్టాండు నడిమికి వేలాడదీయండి, రిఫ్లెక్టరును మాత్రం మనిషి చేతికే ఇవ్వండి.