మురుగునీటి శాంపిల్‌లో పెరాక్సైడ్ పోసే ముందు

ఏప్రిల్, మే అంటే ఒకవైపు ప్రాజెక్టు రిపోర్టుల టెన్షన్, ఇంకోవైపు విశాఖ ఉక్కపోత. మురుగునీటి నుంచి మైక్రోప్లాస్టిక్ (చిన్న చిన్న ప్లాస్టిక్ రేణువులు) విడదీసే విద్యార్థులు ఎక్కువ తొందరపడేదీ ఈ రోజుల్లోనే.

శాంపిల్ అప్పుఘర్ శుద్ధి కేంద్రం నుంచి తెచ్చినా, ఊళ్లో పారే గెడ్డలో పట్టినా అందులో రోగక్రిములు ఉంటాయి. గ్లవ్స్, బూట్లు తప్పనిసరి. ఒంటరిగా వెళ్లొద్దు. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దిగొద్దు, లోపలి విషవాయువు ప్రాణం తీస్తుంది.

నాకు ఎక్కువ భయం ల్యాబ్‌లోనే. రేణువులకు పట్టిన మలినం పోగొట్టడానికి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలుపుతాం కదా. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. అది చూసి ఇంకాస్త పోసేస్తారు. ఉన్నట్టుండి బీకరు వేడెక్కి, గోధుమరంగు నురగ పాలు పొంగినట్టు పొంగుతుంది. చేతిమీద పడితే చర్మం తెల్లగా మారి మండుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. లెక్కపెట్టాల్సిన రేణువులు కూడా ఆ నురగతోనే పోతాయి.

అందుకే పెద్ద బీకరు తీసుకోండి, శాంపిల్ అందులో పావు వంతు మించకూడదు. పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోయండి. ఐస్ తొట్టి ముందే పక్కన పెట్టుకుని, వేడి 50 డిగ్రీలు దాటకుండా చూడండి. రక్షణ కళ్లద్దాలు తీయొద్దు. మూత బిగించొద్దు. కరెంటు పోతే ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఆగుతుంది గానీ బీకరులో చర్య ఆగదు. గాలివాన సూచన ఉన్న రోజు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. ఒంటిమీద పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే అలాగే కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

తర్వాతి మెట్టు రేణువులను బరువైన ద్రావణంలో పైకి తేల్చడం. ఉప్పు ద్రావణం సాంద్రత 1.2 మాత్రమే, పాలిథీన్ తేలుతుంది గానీ 1.38 ఉన్న పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) అడుగునే ఉండిపోతుంది. దానికోసం జింక్ క్లోరైడో, సోడియం అయొడైడో వాడతారు. అంతకుముందే రేణువులను ఫిల్టర్‌తో వడకట్టి, దాని మీద పెరాక్సైడ్ పూర్తిగా కడిగేయాలి. కొంచెం మిగిలినా అయొడైడ్‌తో కలిసి అయొడిన్ పుడుతుంది, ద్రావణం గోధుమరంగుకి తిరుగుతుంది. పెరాక్సైడ్ వాడిన గాజు సామాను అసిటోన్‌తో కడగొద్దు, పేలే పదార్థం తయారు కావచ్చు.

పాలిస్టర్ బట్టల పోగులు శాంపిల్‌లో పడతాయి కాబట్టి కాటన్ కోటే వేసుకోండి.

జింక్ క్లోరైడ్ సింకులో పారబోయకండి, నీటిలోని జీవులకు అది విషం. పేరు రాసిన డబ్బాలో విడిగా పోసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవారికి అప్పగించండి. పెరాక్సైడ్ వ్యర్థాలకు వేరే డబ్బా పెట్టి, గాలి బయటికి పోయే మూతే వాడండి.