కర్నూలులో చిన్నపిల్లలతో ప్రయాణం: గడప దాటే ముందు వేళ చూసుకోవాలి

కర్నూలు పెద్ద ఊరే అయినా దూరాలు ఎక్కువగా ఉన్న ఊరు కాదు. కొండారెడ్డి బురుజు దగ్గర ఆటో ఎక్కితే రాజ్ విహార్, బస్టాండు, సి.క్యాంపు, బళ్లారి చౌరస్తా, ఎటు పోయినా అరగంటలోపే చేరుకుంటాం. అయితే చంకలో ఏడాదిన్నర బాబు, వేలు పట్టుకుని నాలుగేళ్ల పాప ఉన్నప్పుడు ఆ అరగంట ఉదయం ఏడున్నరకు ఒక రకంగా, మధ్యాహ్నం ఒంటిగంటకు పూర్తిగా వేరే రకంగా ఉంటుంది. ఇద్దరు పిల్లలను ఈ ఊళ్లోనే పెంచుతున్న తల్లిగా నేను ముందుగా చెప్పదలచింది ఇదే: పిల్లలతో బయటికి వెళ్లాలనుకున్నప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాత ఆలోచించి, ఏ వేళకు బయలుదేరి ఏ వేళకు ఇల్లు చేరాలన్నది ముందు తేల్చుకోండి.

మార్చి సగం దాటిందంటే మన ఊళ్లో పది గంటలకే రోడ్డు కాలడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు సంగతి. పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది, దప్పిక అవుతోందని వాళ్లు నోరు తెరిచి చెప్పలేరు. కాబట్టి ఆ నెలల్లో పనులను ఉదయం పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత అని రెండుగా విడగొట్టుకుని, నడిమధ్యాహ్నాన్ని నిద్రకు వదిలేయడం మంచిది. ఆస్పత్రికి, టీకాలకు వెళ్లాల్సి వస్తే ఉదయం మొదటి వరుసలోనే ఉండేలా చూసుకోవాలి. బిడ్డ తడిపే లంగోటాలు తగ్గినా, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా, ఏడుస్తున్నా కంట నీరు రాకపోయినా, ఆడే పిల్ల ఉన్నట్టుండి సోలిపోయినా, అక్కడితో ప్రయాణం ఆపి నీడకు చేర్చి తాగించాలి. తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆరు నెలలలోపు బిడ్డకు ఎంత ఎండైనా నీళ్లు పట్టనక్కర లేదు. తల్లిపాలే మామూలు కంటే ఎక్కువ సార్లు ఇస్తే సరిపోతుంది, ఆ తల్లి మాత్రం తన నీళ్లు తాను మరిచిపోకూడదు.

ఊళ్లో తిరగడానికి మనకు ఎక్కువగా దిక్కు షేర్ ఆటోలే. ఇందులో కూర్చునే చోటు గురించి నేను ఎంత పట్టుబట్టినా తక్కువే అనిపిస్తుంది. పిల్లలు ఇద్దరు పెద్దవాళ్ల నడుమ, వెనక సీటులో, వీపు ఆనించి కూర్చోవాలి. కొసన కూర్చోబెట్టకూడదు, డ్రైవరు పక్కన అసలే కూర్చోబెట్టకూడదు. మా పాపకు మూడేళ్లప్పుడు ఒకసారి ఆటో నిండిపోయిందని దాన్ని కొస వైపు పెట్టుకుని కూర్చున్నాను. మలుపు తిరిగేటప్పుడు దాని ఒళ్లు బయటి వైపు ఊగింది, నేను గౌను పట్టుకుని లాగేసరికి ఒక చెప్పు రోడ్డు మీద పడిపోయింది. ఎదురు సీటులోని ఒక అవ్వ, "ఏమ్మా, పిల్లను ఆ కొసన కూసోబెడితివే! ఇట్లియ్యి, నా ఒళ్లో పెట్టుకుంటా" అని చేతులు చాచి తీసుకుంది. ఆ రోజు నుంచి నిండిన ఆటో వస్తే వదిలేసి ఇంకొక దానికి ఆగుతున్నాను. సామాను ఎక్కువగా ఉన్నప్పుడు, లేదా చీకటి పడ్డాక, ఆటో మొత్తం మాట్లాడుకుంటే పోయేది కొంచెం డబ్బే. ఎక్కే ముందే బేరం తేల్చుకుని, నెమ్మదిగా పొమ్మని అప్పుడే చెప్పాలి.

ఎండలో నిలిపిన ఆటోలోని రెగ్జిన్ సీటు మన చీరకు, ప్యాంటుకు తెలియదు గానీ నిక్కరు వేసుకున్న పిల్లవాడి తొడలకు చురుక్కుమంటుంది. అరచేయి మొరటుగా ఉంటుంది కాబట్టి చేతి వెనక భాగంతో సీటును తాకి చూసి, ఒక తువ్వాలు పరిచి, అప్పుడు కూర్చోబెట్టండి. పార్కులో ఇనుప జారుడుబల్లను కూడా ఇలాగే తాకి చూడాలి. దిగేటప్పుడు ఒక వరుస పాటించాలి: ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు ముందు దిగి పిల్లలను అందుకోవాలి, సంచులు చివరికి. ఒక్కరే ఉంటే సంచి వీపుకు తగిలించుకునేదై ఉండాలి, రెండు చేతులూ పిల్లలకే మిగలాలి. చిల్లర ముందే పిడికిట్లో పెట్టుకుంటే, దిగాక పర్సు వెతుకుతూ పిల్ల చేయి వదిలే అవసరం రాదు. పిల్లలను కూర్చోబెట్టి తోసే బండి (స్ట్రోలర్) మన వీధులకు పెద్దగా పనికిరాదు. కాలిబాట ఉన్నచోట బండ్లు నిలిపి ఉంటాయి, లేనిచోట గుంతలుంటాయి. బిడ్డను ఎదకు కట్టుకునే క్యారియర్ అన్నిటికన్నా వీలుగా ఉంటుంది. అందులో బిడ్డ ముఖం మనకు కనిపిస్తూ ఉండాలి, గడ్డం ఎదకు ఒత్తుకుపోయి ఊపిరికి అడ్డం కాకూడదు.

బైకు, స్కూటరు మీద పిల్లలను తీసుకెళ్లడం గురించి చట్టం స్పష్టంగా ఉంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, నడిపేవారి ఒంటికి బిడ్డను కట్టి ఉంచే పట్టీ, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టిన పిల్లవాడు చల్లగాలికి నిమిషాల్లో నిద్రలోకి జారిపోతాడని, నిద్రపోయిన ఒళ్లు ఏ పట్టూ లేకుండా పక్కకు ఒరుగుతుందని మనకు తెలిసి కూడా, దగ్గరే కదా అని తీసుకుపోతుంటాం. అలా చేయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. చున్నీ, చీర కొంగు చక్రంలో చిక్కుకోకుండా ముడివేసి నడుముకు దోపుకోవాలి. సైలెన్సరు ఎక్కువ బండ్లకు కుడి వైపే ఉంటుంది కాబట్టి పిల్లలను ఎడమ వైపు నుంచే దించాలి. కాలు కాలిందే అనుకోండి, టూత్‌పేస్టు, సిరా, పసుపు వంటివేమీ పూయకుండా ఇరవై నిమిషాల పాటు ధారగా మామూలు నీళ్లు పోసి డాక్టరుకు చూపించాలి. కారులోనైతే పిల్లలు వెనక సీటులో, వయసుకు తగిన సీటులోనో బెల్టుతోనో ఉండాలి. ఐదు నిమిషాల పనే కదా అని తలుపులు మూసిన కారులో బిడ్డను వదిలి దిగకూడదు.

ఇక తిండి. ప్రయాణానికి మన సీమ తిండిలోనే మంచివి ఉన్నాయి. ఉగ్గాని (తడిపిన బొరుగుల తాలింపు), బజ్జీ లేని ఉదయం మనకు ఉండదు గదా, ఆ ఉగ్గానినే పచ్చిమిరప వేయక ముందు పిల్లల వాటా విడిగా తీసి, పుట్నాల పొడి కలిపి డబ్బాలో పెట్టుకుంటే రెండు మూడు గంటల దాకా బాగుంటుంది. ఉత్త బొరుగులు ఒక సంచిలో వేసుకుంటే చేతికి అంటవు, సీటు పాడు కాదు, ఒక్కొక్కటే ఏరుకుని తింటూ పిల్ల అరగంట కుదురుగా కూర్చుంటుంది. అయితే వేరుశనగ గింజలు, పుట్నాల పప్పులు గింజలుగా నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, కుదుపుకు గొంతులో అడ్డం పడతాయి. మధ్యాహ్నానికి పెరుగన్నం తీసుకెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉదయమే పెరుగు కలిపేస్తే మన ఎండకు పన్నెండుకల్లా పులిసిపోతుంది. అదే మెత్తగా మెదిపిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి కలిపి పెడితే తినే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. మా అమ్మ నాకు చేసి పంపిన పద్ధతి ఇది, ఇప్పుడు నా పిల్లలకు చేస్తున్నాను. వీటితోపాటు కాచిన నీళ్లు, ఒక జత బట్టలు ఒక్కొక్కరికి, తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ సంచి, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సంచిలో ఎప్పుడూ ఉండాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారమే, పెద్దదైతే మొత్తం ప్యాకెట్టును ఒక లీటరు నీటిలో, కలపాలి. కొంచెం పొడి కొంచెం నీళ్లు అని ఉజ్జాయింపుగా కలపడం మంచిది కాదు. కలిపిన నీళ్లను 24 గంటలు దాటితే పారబోయాలి.

ఊరు దాటి వెళ్లేటప్పుడు బస్సా, రైలా అన్నది పిల్లల వయసును బట్టి తేల్చుకోండి. ఆర్టీసీ బస్సులో ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, ఐదు నుంచి పన్నెండేళ్ల వరకు అర టికెట్టు. రైలులోనూ ఐదేళ్ల లోపు వారికి టికెట్టు లేదు. ఐదు దాటి పన్నెండు నిండని పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే మాత్రం 2016 నుంచి పూర్తి చార్జీ కట్టాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం వల్ల పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ వరకు రాష్ట్రంలోని బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు, గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. అయితే తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ కాబట్టి హైదరాబాదు బస్సులకు అది వర్తించదు. హైదరాబాదుకు 210 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. నడక నేర్చిన పిల్ల ఉంటే నేను రైలునే ఎంచుకుంటాను, ఎందుకంటే పిల్ల కాళ్లు చాపుకోవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది, కిటికీ దగ్గర కథలు చెప్పవచ్చు. బస్సులోనైతే బయలుదేరే చోటే ఎక్కి, ముందు భాగంలో, ఎండ పడని వైపు సీటు పట్టాలి. ఉదయం హైదరాబాదుకు, అంటే ఉత్తరానికి పోయేటప్పుడు ఎండ కుడి వైపు పడుతుంది, సాయంత్రం అదే దారిలో ఎడమ వైపు పడుతుంది. టికెట్టు తీసుకునేటప్పుడు ఈ చిన్న లెక్క వేసుకుంటే నాలుగు గంటలు బిడ్డ ముఖానికి తువ్వాలు అడ్డం పట్టే బాధ తప్పుతుంది.

సెలవు రోజుల్లో పోదగిన చోట్లు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి గానీ అన్నీ అన్ని వయసులకూ కావు. అలంపురం చాలా దగ్గర. నవబ్రహ్మ ఆలయాల చుట్టూ పిల్లలు తిరగడానికి చోటుంది, ఉదయం వెళ్లి భోజనం వేళకు ఇంటికి రావచ్చు. గుడి ఆవరణలో చెప్పులు విడవాలి కాబట్టి, రాతి బండలు కాలక ముందే చేరుకోండి, లేదా పిల్లలకు మేజోళ్లు వేయండి. ఓర్వకల్లు రాతి వనం చూడడానికి అందమైనదే, పిల్లల చేయి మాత్రం వదలకూడదు, రాళ్ల పక్కనే నీళ్లున్నాయి. బెలూం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని తిరగనిస్తారు. లోపల ఉక్కగా ఉంటుంది, కొన్నిచోట్ల పెద్దవాళ్లు వంగి నడవాలి. అలాంటి చోట ఎత్తుకున్న బిడ్డ తల రాతికి తగలవచ్చు కాబట్టి, సొంతంగా ఆ దూరం నడవగలిగిన ఐదారేళ్ల పిల్లలతోనే వెళ్లమంటాను.

మహానంది గురించి కొంచెం ఆగి చెప్పాలి. అక్కడి కోనేటి నీరు అడుగున పడిన నాణెం కూడా కనిపించేంత తేటగా ఉంటుంది. ఆ తేటదనమే కంటిని మోసం చేస్తుంది. మోకాలి లోతే అనిపించేది చిన్నపిల్లకు తల మునిగే లోతు. మా పాప మెట్టు మీద నిలబడి "అమ్మా, కింద మెట్టు ఇక్కడే ఉందే" అని కాలు చాచినప్పుడు నేను దాని నడుము పట్టుకునే ఉన్నాను, లేకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికే మనసు రాదు. నీళ్ల దగ్గర ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పెద్ద మనిషి, చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి. ఫోను సంచిలో ఉండాలి. మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున కూడా ఇదే పద్ధతి, అక్కడ పారే నీరు కాబట్టి చిన్నపిల్లలను నదిలోకి దించకుండా చెంబుతో ఒడ్డున పోయడమే మేలు.

శ్రీశైలం ప్రయాణంలో ఆత్మకూరు దాటాక నల్లమల మలుపులు మొదలవుతాయి, పిల్లలకు వాంతులూ అక్కడే మొదలవుతాయి. ఆత్మకూరులోనే దింపి పదిహేను నిమిషాలు నడిపించి, కడుపు నిండా కాకుండా రెండు ఇడ్లీలో, కాస్త బొరుగులో పెట్టి, ఫోను చూడనివ్వకుండా ముందు అద్దంలోంచి దారి చూపిస్తూ కూర్చోబెడితే చాలామందికి తగ్గుతుంది. వాంతి మాత్రలు డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు, రెండేళ్లలోపు పిల్లలకు మరీ జాగ్రత్త. దోర్నాల నుంచి పైకి పోయే అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసి ఉంటుంది కాబట్టి, గేటు దగ్గర బిడ్డతో రాత్రంతా చిక్కుకుపోకుండా కర్నూలులో మధ్యాహ్నం దాటకముందే బయలుదేరాలి. కొండ మీద కోతులు చేతిలోని పొట్లాన్ని లాక్కుంటాయి, పిల్లల చేతికి తినేదేదీ బయట ఇవ్వవద్దు.

జాతరలకు, శివరాత్రికి వెళ్లినప్పుడు పిల్ల తప్పిపోయే భయం అందరికీ ఉంటుంది. ఫోను నంబరు రాసిన చీటీని చొక్కా లోపలి వైపు పిన్నుతో పెట్టాలి, పేరు మాత్రం బయటికి కనిపించేలా రాయకూడదు, ఎందుకంటే పేరుతో పిలిచినవాళ్లను పిల్లలు నమ్మేస్తారు. నాలుగేళ్లు దాటిన పాపకు మన పేరు, ఊరు, నంబరు పాటలా నేర్పించవచ్చు. తప్పిపోతే కదలకుండా నిలబడమని, పోలీసునో, పిల్లలను వెంటబెట్టుకున్న అమ్మనో అడగమని చెప్పాలి. పిల్లల సాయానికి 1098, ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, రైలులో 139 నంబర్లు ఫోనులోనే కాకుండా కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి. ఇంకొకటి: బయలుదేరే ఉదయం గడపలో నిలబెట్టి, ఆ రోజు వేసుకున్న బట్టలు, చెప్పులు తల నుంచి కాలి దాకా కనిపించేలా పిల్లలకు ఒక ఫోటో తీయండి. వెతకాల్సి వస్తే, కంగారులో గౌను ఏ రంగో మనకే గుర్తుకు రాదు.