సాలగ్రామమా, నత్తా, ఉత్త రాయా? సముద్రపు శిలాజాన్ని పోల్చుకునే పద్ధతి

రాయి ఎక్కడిదో తేలకుండా పేరు వెతకొద్దు. తిరుమల శిలాతోరణం, ఘాట్ రోడ్డు పక్కన కనిపించే క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) బండలు 150 కోట్ల ఏళ్లకు పైబడినవి. గుల్లలున్న జీవులు పుట్టి దాదాపు 54 కోట్ల ఏళ్లే అయింది. అందుకే ఆ బండల మీద గవ్వ చారల్లాంటివి కనిపిస్తే, అవి చాలావరకు నీటి అలలు ఇసుకలో వదిలిన ముద్రలే. ఇంట్లో పరిచిన సున్నపురాతి బండ మీద చెట్టుకొమ్మలా పాకిన నల్లటి గీతలూ శిలాజం కావు, మాంగనీసు మరక. నిజమైన సముద్రపు శిలాజం మన ఇళ్లకు ఎక్కువగా గండకి నది సాలగ్రామంగానో, తమిళనాడు అరియలూరు వైపు వెళ్లినవాళ్ల సంచిలోనో వస్తుంది.

కావలసినవి: పదిరెట్ల భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, ఇనుప మేకు, పాత టూత్‌బ్రష్, టార్చి, కాస్త వెనిగర్. రాయిని నీళ్లతో కడిగి ఆరబెట్టండి. గదిలో లైటు ఆర్పేసి, టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేస్తే, పైనుంచి వెలుగు పడ్డప్పుడు కనిపించని చారలు నీడలతో లేస్తాయి. విరిగిన చోట మాత్రం తడిపి చూడండి, లోపలి గోడలు స్పష్టమవుతాయి.

వెనిగర్ చుక్క నేరుగా రాతి మీద వేస్తే చాలాసార్లు ఏమీ కాదు, అది బలహీనమైన ఆమ్లం. వెనకవైపు మేకుతో గీకి, ఆ పొడి మీద వేసి భూతద్దంలో చూడండి. సన్నటి బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు. పూజలో ఉన్న సాలగ్రామం మీద మేకూ వద్దు, వెనిగరూ వద్దు. దానికి కళ్లు చాలు.

సాలగ్రామంలోని చక్రం అమ్మోనైట్ అనే అంతరించిన సముద్రజీవి గుల్ల. రాయి రెండు చెక్కలుగా ఉంటే ఒకదానిలో చుట్ట ఉబ్బుగా, రెండోదానిలో అదే పల్లంగా ఉండి, రెండూ అతుక్కోవాలి. రెండువైపులా ఉబ్బే ఉంటే చెక్కినదని అనుమానించండి. భూతద్దంలో సూదిమొన రంధ్రాలు గుంపుగా కనిపిస్తే పోత పోసినది కావచ్చు.

చుట్టగా ఉన్నదల్లా అమ్మోనైట్ కాదు. తడిపిన కోతలో అడ్డగోడలు, గదులు ఉన్నాయా చూడండి. లేకపోతే నత్త, లేదా గొట్టం కట్టుకునే పురుగు. గదులుంటే వాటిని కలిపే సన్నటి గొట్టం వెతకండి: చుట్ట బయటి అంచున ఉంటే అమ్మోనైట్, గోడ మధ్యలో ఉంటే నాటిలస్ (అమ్మోనైట్‌కు దూరపు చుట్టం). పైగుల్ల రాలిన చోట ఆకు అంచులా మెలికలు తిరిగిన గీతలుంటే అది అమ్మోనైటే, ఇక సందేహం అక్కర్లేదు.

రెండు చిప్పలున్నవాటితోనే ఎక్కువ తికమక. ఒక చిప్పను నిలువునా సగం చేసినట్టు ఊహించండి. ఎడమ, కుడి సరిసమానంగా ఉండి, రెండో చిప్ప సైజు మాత్రం వేరైతే బ్రాకియోపాడ్ (ఆల్చిప్పలా కనిపించే వేరే జాతి సముద్రజీవి). ఒక్కో చిప్ప వంకరగా ఉన్నా, రెండూ అద్దంలో బొమ్మల్లా ఉంటే ఆల్చిప్ప జాతి. ఆ జాతివే అయినా ముత్యపుచిప్ప, ఆయిస్టర్ లాంటివి ఈ లెక్కకు లొంగవు, వాటిలో చిప్పలు రెండూ వేరువేరు ఆకారం.

తుపాకీ గుండులా ఉన్న గోధుమరంగు కడ్డీ దొరికితే విరిగిన కొన చూడండి. మధ్యనుంచి అంచుకు చక్రపు ఆకుల్లా స్ఫటికాలు పరుచుకుంటే బెలెమ్నైట్ (స్క్విడ్ లాంటి అంతరించిన జీవి). మధ్యలో రంధ్రమున్న పూసలు క్రైనాయిడ్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) కాడ ముక్కలు. అయిదు రేకుల పువ్వు గుర్తు ఉన్న గుండ్రటిది సముద్రపు ఉర్చిన్. రాతి నిండా గుంటలుంటే స్కేలు పెట్టండి: అర మిల్లీమీటరు లోపు గుంటలైతే బ్రయోజోవాను (గుంపుగా బతికే అతిచిన్న సముద్రజీవులు) ముందు అనుమానించాలి, పెద్దవై లోపల కిరణాల్లాంటి గోడలుంటే పగడం.

ఇవేవీ కుదరకపోతే, మీ చేతిలో ఉన్నది గుల్ల కాక, గుల్ల లోపల గడ్డకట్టిన మట్టి కావచ్చు. గుల్ల కరిగిపోయి అచ్చు మిగిలినప్పుడు పై చారలు చాలావరకు ఉండవు, కండరాలు అంటుకున్న మచ్చలు కనిపించొచ్చు. అలాంటిదాన్ని గుల్ల పై నగిషీ చూపే బొమ్మలతో పోలిస్తే దొరకడం కష్టం. స్కేలు పక్కన పెట్టి ఆరువైపులా ఫొటోలు తీసి, దొరికిన ఊరు, రాతి పొర రాసుకుని, ఎస్వీ యూనివర్సిటీ జియాలజీ విభాగంలో చూపించండి. ఊరు రాయని రాయిని ఎంత తెలిసినవాళ్లైనా చాలాసార్లు జాతి దాకా చెప్పలేరు.