షుగరు పోతుందా? మందుల షాపులో రోజూ వినే ప్రశ్నలకు సమాధానాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మందుల షాపుకు వచ్చేవారిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుకున్నవారు. రక్తపరీక్ష రిపోర్టు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అందుకే మాత్రల కవరు మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీసి ఇస్తాను. కవరు అందుకుంటూ అడిగేది ఒకటే: "ఇది పూర్తిగా పోతుందా?" టైప్ 2 షుగరును అణిచి ఉంచవచ్చు. పోయిందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి.

సమస్య: మాత్రలు లేకుండానే షుగరు మామూలుగా ఉంది. నయమైనట్టేనా?

కారణం: కాలేయంలో, క్లోమంలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ పని దెబ్బతింటుంది. బరువు బాగా తగ్గితే ఆ కొవ్వు కరిగి క్లోమం కొంత కోలుకుంటుంది. బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' అనే అధ్యయనం 2017లో దీన్ని చూపింది. కొన్ని నెలల పాటు రోజుకు సుమారు 850 క్యాలరీల ఆహారంతో మొదలుపెట్టి బరువు తగ్గించే పద్ధతి పాటించినవారిలో 46 శాతం మంది ఏడాది తర్వాత మాత్రలు లేకుండానే మధుమేహ స్థాయికి దిగువన ఉన్నారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో అది 86 శాతం. రెండో ఏడాదికి మొత్తం మీద 36 శాతానికి దిగింది. వారంతా జబ్బు బయటపడి ఆరేళ్లు దాటనివారు, ఇన్సులిన్ వాడనివారు. ఇరవై ఏళ్లుగా షుగరు ఉన్నవారు ఈ అంకెలు చూసి తమను తాము నిందించుకోనక్కర్లేదు.

పరిష్కారం: మాత్రలు ఆపిన కనీసం మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) 6.5 శాతం కంటే తక్కువ ఉంటే జబ్బు అణిగి ఉందని లెక్క. ఏడాదికి ఒకసారైనా ఆ పరీక్షతో పాటు కళ్లు, కిడ్నీలు, పాదాలు చూపించుకోవాలి. అంత తక్కువ తిండి డాక్టరు పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకూడదు, మాత్ర కూడా సొంతంగా ఆపకూడదు.

సమస్య: సన్నగానే ఉన్నాను, మిఠాయి ముట్టను. నాకెందుకు వచ్చింది?

కారణం: మనవాళ్లకు చేతులు, కాళ్లు సన్నగా ఉన్నా పొట్ట లోపల కొవ్వు చేరుతుంది. పైగా పొద్దున పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం), మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ముఢీ (మరమరాలు), రాత్రి మళ్లీ అన్నం. ముఢీ తేలికగా ఉంటుందని గిన్నె నిండా తింటారు, అదీ బియ్యమే. ఒకప్పుడు ఇంతే తిన్నా పొలం పనిలో, సంతకు నడిచే నడకలో ఖర్చయ్యేది. ఇప్పుడు సంతకు బండి మీద వెళ్తున్నాం. ఊళ్లలోనూ షుగరు పెరగడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది.

పరిష్కారం: టేపుతో నడుము కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. కంచంలో ముందు సగం కూర, ఆకుకూర పెట్టుకుని, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోటే అన్నానికి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ చెంబుల కొద్దీ తాగితే అదీ షుగరును పెంచుతుంది.

సమస్య: వేలి పరీక్షలో ఎక్కువ, మూడు నెలల సగటు మాత్రం బాగుంది.

కారణం: మన ప్రాంతంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలున్నాయి. హెచ్‌బీఏ1సీ కొలిచేది ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను. ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ జబ్బులో అవి ముందే చనిపోతాయి కాబట్టి అంకె తప్పుగా తక్కువ వస్తుంది. ఐరన్ లోపం ఉంటే తప్పుగా ఎక్కువ రావచ్చు.

పరిష్కారం: ఇంట్లో సికిల్ సెల్ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. పరగడుపున, తిన్న రెండు గంటలకు చేసే పరీక్షలనే ఆధారం చేసుకోమని అడగండి.

సమస్య: ఉపవాసం రోజు చెమటలు, వణుకు.

కొన్ని రకాల మాత్రలు వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. వేలి పరీక్షలో 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సమస్య: ఆకు పొడితో నయమైందన్నారు, మాత్రలు మానేశాను. కాలి పుండు మానడం లేదు.

పోయిన ఏడాది ఒక బాబాయ్ కాలికి రాసుకునే మందు కోసం వచ్చారు. చెప్పు విప్పమన్నాను. మడమ పగులులో చిన్న మేకు ముక్క దిగి ఉంది, చుట్టూ నల్లబడింది. "నొప్పి లేదురా" అన్నారు. నొప్పి లేకపోవడమే ప్రమాదం. ఎక్కువ కాలం అదుపు తప్పిన షుగరు పాదాల నరాలను దెబ్బతీస్తుంది. పొడి మొదలుపెట్టిన నాటి నుంచి ఆయన పరీక్షే చేయించుకోలేదు.

పరిష్కారం: ఇలాంటి పుండుకు మా షాపులో మందు అడగవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒడిశా ప్రభుత్వ నిరామయ పథకం కింద మందులు ఉచితం. రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. వంగలేనివారు అద్దం నేల మీద పెట్టుకోవచ్చు, లేదా మనవడిని చూడమనవచ్చు.