కొత్త ర్యామ్ కొనేముందు ఉన్న ర్యామ్ స్పీడ్ చూడండి

గేమ్ ఆగి ఆగి నడుస్తోందని ఎవరైనా పీసీ తెస్తే నేను ముందు గ్రాఫిక్స్ కార్డ్ జోలికి వెళ్లను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరుస్తాను. పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే స్పీడ్ కనిపిస్తుంది. ప్యాకెట్ మీద 3200 అని ఉన్న డీడీఆర్4 ర్యామ్ అక్కడ 2133 చూపిస్తోందంటే, డబ్బు పెట్టి కొన్న స్పీడ్‌లో మూడో వంతు వాడకుండా వదిలేసినట్టే. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే మాత్రం అంకె సగమే కనిపిస్తుంది, 1600 అని ఉంటే అది 3200 కిందే లెక్క.

ఇది ర్యామ్ లోపం కాదు. మదర్‌బోర్డ్ ముందు ఇబ్బంది రాని తక్కువ స్పీడ్‌తోనే మొదలుపెడుతుంది. కంపెనీ చెప్పిన స్పీడ్ ర్యామ్‌లోనే ఒక ప్రొఫైల్‌గా దాగి ఉంటుంది, దాన్ని మనమే ఆన్ చేయాలి. పీసీ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అక్కడ ఎక్స్‌ఎంపీ అని, ఏఎండీ ప్రాసెసర్లకి వాడే ఏఎం5 సాకెట్ బోర్డుల్లో ఎక్స్‌పో అని ఉంటుంది. దాన్ని ఎంచుకుని సేవ్ చేయండి. డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5 అయితే ఆ తర్వాత స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌తో సర్దుకుంటోందన్నమాట. దయచేసి కంగారుపడి పవర్ తీసేయకండి.

ఇక స్లాట్లు. నా లెక్కలో స్పీడ్ కన్నా ఇదే ముఖ్యం. ఒక్క 16 జీబీ స్టిక్ కన్నా రెండు 8 జీబీ స్టిక్‌లు మేలు. డీడీఆర్4 3200 ఒక్క చానల్‌లో (ర్యామ్‌కి, ప్రాసెసర్‌కి మధ్య డేటా నడిచే దారి) సెకనుకు 25.6 జీబీ డేటా మోయగలదు, రెండు చానళ్లలో 51.2. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టాలి. మొదటి రెండింట్లో గానీ చివరి రెండింట్లో గానీ పెడితే రెండూ ఒకే చానల్‌లో పడతాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేనివాళ్లు ఈ మాట అస్సలు వదలొద్దు, వాళ్ల గ్రాఫిక్స్‌కి కూడా ఈ ర్యామే దిక్కు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక కూడా కొత్త ర్యామ్ కొనాలనిపిస్తే, ముందు గేమ్‌లో రెజొల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేముల సంఖ్య) అమాంతం పెరిగిందంటే అడ్డు గ్రాఫిక్స్ కార్డే, ర్యామ్ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. పెరగలేదంటే భారం ప్రాసెసర్ మీద ఉందన్నమాట, అప్పుడు ర్యామ్ స్పీడ్ పనికొస్తుంది. సగటు ఎఫ్‌పీఎస్ కన్నా, జనం ఎక్కువగా ఉన్న చోట వచ్చే కుదుపులు తగ్గడంలో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఏఎండీ ఎక్స్3డీ ప్రాసెసర్లలో క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) పెద్దది, కాబట్టి వాటికి ర్యామ్ స్పీడ్ అంత పట్టింపు కాదు.

కొనేటప్పుడు సీఎల్ అంకె కూడా చూడండి, ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యాన్ని చెప్పేది అదే. సీఎల్‌ని 2000తో గుణించి స్పీడ్‌తో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 సీఎల్16కి 10, 6000 సీఎల్30కీ 10, అదే 6000 సీఎల్40కి 13.3. ఏఎం5కి నేను చెప్పేది 6000 సీఎల్30. పాత స్టిక్‌కి వేరే కిట్ జత చేయకుండా రెండూ ఒకే కిట్‌లోవి (ఒకే ప్యాకెట్‌లో కలిపి అమ్మేవి) తీసుకోండి.

చివరగా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రి నడపండి. ఒక్క ఎర్రర్ కనిపించినా స్పీడ్ ఒక మెట్టు దించి మళ్లీ నడపండి.